కవరు ఎక్కడికి పోతుందని పిల్లలు అడిగితే

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం బజార్లలో చాలామందికి ముందు అంగడి, వెనక ఇల్లు. పొలం ఉన్నవాళ్ళకు పొలమే సగం ఇల్లు. అందుకే మన పిల్లలకు చెత్త సంగతి నేర్పడం వంటింటితో మొదలై వంటింట్లోనే ముగిసేది కాదు. బడిలో 'హసి కస, ఒణ కస' అని కన్నడంలో చదువుకొచ్చిన పిల్ల, ఇంట్లో అమ్మ తడిచెత్త, పొడిచెత్త వేరుచేయడం చూస్తుంది. అంగడి మూసే వేళకు నాన్న అట్టపెట్టెలూ, పాలిథిన్ కవర్లూ, కుళ్ళిన టమోటాలూ ఒకే కుప్పగా ఊడ్చి మోరీ పక్కన అగ్గిపుల్ల గీయడమూ చూస్తుంది. ఈ రెంటిలో ఏది అసలు పాఠమో తేల్చుకోవడానికి ఆ పిల్లకు ఎంతోసేపు పట్టదు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మొదటి మనవి, ఉపన్యాసం మానేయండి. దానికి బదులు ఒక ప్రశ్నను ఇంట్లోకి రానివ్వండి: మన చేతిలోంచి పోయింది ఎక్కడికి పోతుంది? గౌరీబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు మన ప్రాంతం పిల్లల చదువు కోసం జీవితమంతా పాటుపడ్డారు. అడగకుండా, తరచి చూడకుండా దేన్నీ ఒప్పుకోవద్దన్నది ఆయన పట్టు. ఆ పట్టు చెత్త విషయంలోనూ పనికొస్తుంది. పిల్ల అడిగితే మీకు జవాబు తెలియకపోవచ్చు. పరవాలేదు, ఇద్దరూ కలిసి వెతకండి.

వెతకడం మొదలుపెడితే కథ మోరీ దగ్గర ఆగదు. వాన పడితే మోరీలో కవరు రాజకాలువకు, అక్కణ్ణించి చెరువుకు చేరుతుంది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు, ఒకటి నిండితే అలుగు పారి కిందిదానికి పోతుంది. నంది కొండల వైపు పుట్టిన చిత్రావతి బాగేపల్లి తాలూకా దాటి ఆంధ్రలో పుట్టపర్తి మీదుగా వెళ్ళి గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. మన వీధిలో పారేసిన కవరు పుట్టపర్తిలో మేనత్త వాళ్ళ ఊరికి పోతుందని చెబితే పిల్లల మనసుకు తగులుతుంది. ఇంకొకటీ చెప్పండి. ఈ జిల్లాలో ఎండిపోయిన ఎన్నో చెరువులను హెచ్.ఎన్. వ్యాలీ పథకం కింద బెంగళూరు వాడి వదిలేసిన నీటిని శుద్ధిచేసి నింపుతున్నారు. శుద్ధి రెండో దశతో ఆగకూడదు, మూడో దశా చేయాలని ఇక్కడి రైతులు అడుగుతూనే ఉన్నారు. ఒక ఊరు వదిలేసింది ఇంకో ఊరి చెరువవుతుందంటే, ఎంత శుభ్రంగా వదిలారన్నది ఎంత పెద్ద మాటో పదేళ్ళ పిల్లకైనా అర్థమవుతుంది.

ఇక ఇంటి పని. తడిచెత్తను వేరుచేయడం ఒక్కటి కుదిరితే చాలు, మిగతాదంతా తేలికవుతుంది. కాగితం, అట్ట, ప్లాస్టిక్ పాడయ్యేది వాటి మీద సాంబారు పడ్డప్పుడే. పొడిగా ఉంటే గుజరీ అంగడివాడు తూకం వేసి డబ్బిస్తాడు, తడిసి కంపుకొడితే అవే దిబ్బకు పోతాయి. ఈ తేడా పిల్లలకు చెప్పకండి, చూపించండి. ఒక పాలప్యాకెట్టును కడిగి ఆరేయండి, ఇంకోదాన్ని అలాగే వదిలేయండి. రెండు రోజుల తర్వాత రెండింటి వాసనా చూడమనండి. ప్యాకెట్టు మూలను పూర్తిగా కత్తిరించి పడేయకుండా కాస్త అతుక్కుని ఉండేలా కోయడం కూడా అప్పుడే నేర్పండి. ఆ చిన్న ముక్కను ఏ గుజరీవాడూ ఏరలేడు.

చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు మన ఇళ్ళలో పొట్టు ఎంత పోగవుతుందో మీకు తెలుసు. పితికిన పప్పు చారు అయిపోతుంది, పొట్టు మిగులుతుంది. అది ఆవులకు మంచి మేత. కానీ దాన్ని కవర్లో పోసి ముడివేసి వీధిలో పెడితే, ఆవుకు ముడి విప్పడం రాదు, కవరుతో సహా మింగుతుంది. ఆ ప్లాస్టిక్ దాని కడుపులోనే ఉండిపోతుంది. నన్నడిగితే పిల్లలకు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే: తడిచెత్తను కవర్లో కట్టొద్దు. పొట్టును గంపలో తీసుకెళ్ళి పాడి ఉన్న ఇంట్లో ఇచ్చిరమ్మనండి. మిగతా తొక్కల కోసం చిల్లులున్న కుండ ఒకటి చాలు. తొక్కల మీద ఎండాకులు, పైన పిడికెడు మట్టి, అప్పుడప్పుడు కాస్త పులిసిన మజ్జిగ. ఒకటిన్నర, రెండు నెలలకు ఎరువు చేతికొస్తుంది.

చిప్స్ ప్యాకెట్లు మాత్రం వేరే సంగతి. లోపల వెండిలా మెరిసే పొర ప్లాస్టిక్‌కు అంటుకుని ఉంటుంది, దాన్ని విడదీయడం కష్టం కాబట్టి గుజరీలో ఎవరూ కొనరు. అన్నీ రీసైక్లింగ్ అవుతాయని పిల్లలతో అబద్ధం చెప్పకండి. కొన్ని కొనకపోవడమే మేలని నిజం చెప్పండి. ఆ మాట తర్వాత వాళ్ళు బొరుగుల పొట్లం అడిగినా అడుగుతారు. డైపర్లూ అంతే. ప్రయాణానికి వాడండి, ఇంట్లో ఉన్నప్పుడు పాత నూలుచీర లంగోటీలు చాలు.

తగలబెట్టడం గురించి గట్టిగానే చెబుతాను. చలిమంట పేరుతో పొద్దున్నే కసువు ఊడ్చి ప్లాస్టిక్‌తో కలిపి అంటిస్తాం, పిల్లలు చుట్టూ చేరతారు. ఆ పొగలో డయాక్సిన్ల వంటి విషాలుంటాయి. పెరిగే ఊపిరితిత్తులకు అవి పెద్దవాళ్ళకన్నా ఎక్కువ చేటు. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు కూడా చెత్తను వీధిలో కాల్చకూడదని, మోరీల్లో, చెరువుల్లో పడేయకూడదని చెప్పాయి. నియమం సంగతి అటుంచండి, పక్కన నిలబడ్డ పిల్ల దగ్గు వినండి.

అంగడి ఉన్నవాళ్ళు అట్టపెట్టెలను మడిచి కట్టగట్టే పనిని సెలవు రోజున పిల్లలతో కలిసి చేయండి. పొలం ఉన్నవాళ్ళకు మల్చింగ్ షీటు పెద్ద తలనొప్పి. పంట అయ్యాక దున్నేస్తే ముక్కలై మట్టిలోనే ఉండిపోతుంది. దున్నకముందే, నేల పొడిగా ఉన్నప్పుడు చుట్ట చుట్టి, మట్టి దులిపి తీయాలి. కాస్త మందం షీటు కొంటే తీసేటప్పుడు చిరగదు. ఒక్క హెచ్చరిక: పురుగుమందు డబ్బాల దగ్గరికి మాత్రం పిల్లలను రానివ్వకండి. వాటిని మందు కలిపేటప్పుడే మూడుసార్లు కడిగి ఆ నీళ్ళు స్ప్రేయర్‌లోనే పోసి, డబ్బాకు చిల్లు పొడవండి. అందులో నీళ్ళు పట్టుకునే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. దయచేసి మానండి.

వ్యాపారంలో వృథా లేకుండా బతకడం కొత్త విద్యేమీ కాదని చూపించడానికి పిల్లలను ఒకసారి శిడ్లఘట్టకు తీసుకెళ్ళండి. పట్టుగూళ్ళ నుంచి దారం తీశాక లోపలి పురుగును కూడా పారేయరు. అది చేపలకు, కోళ్ళకు మేతగా పోతుంది. తెగిన పోగులు స్పన్ సిల్కు నూలుకు పోతాయి. కాగిన నీటి వాసనకు పిల్లలు ముక్కు మూసుకుంటారు, అయినా కళ్ళు మాత్రం మూసుకోరు.

పుట్టినరోజులకు, నామకరణాలకు థర్మాకోల్ ప్లేట్లు వద్దు. తెలంగాణలో సిద్దిపేటలో మహిళా సంఘాలు స్టీలు పళ్ళేలు, గ్లాసులు అద్దెకిచ్చే స్టీల్ బ్యాంకు నడిపాయి. మీ వీధిలో నాలుగైదు కుటుంబాలు తలా కొన్ని పళ్ళేలు, గ్లాసులు వేసుకుంటే అదే పని ఇక్కడా జరుగుతుంది. మోదుగాకు విస్తరి ఎలాగూ మనదే. తిన్నాక అది దిబ్బకు పోయి ఎరువవుతుంది.

పగిలిన గాజును, బ్లేళ్ళను మందపాటి కాగితంలో మీరే చుట్టండి, పైన ఎర్రగా గుర్తు పెట్టడం మాత్రం పిల్లలకు అప్పగించండి. శానిటరీ ప్యాడ్లకూ అదే పద్ధతి. చెత్త బండితో వచ్చే పౌరకార్మికురాలిని పిల్లలు 'అక్కా' అని పిలిచి, సంచిని చేతికందించడం అలవాటు చేసుకోనివ్వండి. గుప్పెడు గాజుపెంకుల మీద పడే చేయి ఆమెదే.

పిల్లలు పెద్దవుతున్నకొద్దీ ఒక గడ్డు ప్రశ్న వేస్తారు: 'మనం వేరుచేసి ఇస్తే బండిలో అన్నీ కలిపేస్తున్నారు కదా, ఎందుకీ శ్రమ?' కొన్నిచోట్ల అది నిజమే. కసురుకోకండి. వేరుచేసి ఇవ్వడం మన బాధ్యత, వేరుగానే తీసుకెళ్ళడం ఊరి పాలన బాధ్యత అని అదే 2016 నియమాలు చెప్పాయి. ఆ మాటతో పిల్ల చేతే కన్నడంలో ఒక అర్జీ రాయించండి, తనకు కన్నడం మనకన్నా బాగా వచ్చు. వీధిలో పదిమంది సంతకాలు పెట్టించి, బాగేపల్లి అయితే పురసభకు, చింతామణి, చిక్కబళ్ళాపురం అయితే నగరసభకు పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళి ఇవ్వండి. ముట్టినట్టు రసీదు అడిగి తీసుకోండి. నెల తిరిగేలోపు జవాబు రాకపోతే, మళ్ళీ ఇద్దరూ కలిసి వెళ్ళండి.