కొక్కెము చూడక కొనవద్దు



జెనీవా నుండి నీవు వ్రాసిన జాబు అందినది. నీ కష్టార్జితముతో బంగారు చేతిగడియారము కొనబోవుచున్నానని, దాని ముఖము చింతగింజంతయని, చుట్టును వజ్రములని, పట్టీ బంగారు తీగల అల్లికయని రెండు పుటలు నింపితివి గాని, ఆ పట్టీ మణికట్టున దేనితో బిగియునో ఒక్క మాటయైనను వ్రాయవైతివి. మీ మేనత్త వాచీ కొక్కెము సడలి జారిపోయిన సంగతి ఎఱిగియుండియు నీవు దీనిని విస్మరించుట నాకు నిద్ర లేకుండ జేయుచున్నది.

కొనవద్దని నేననను. స్త్రీలు గడియారమును చేతికి ధరించుట నేటి వేడుక కాదు. 1810లో నేపుల్స్ రాణి కరోలిన్ మురా కోరగా బ్రెగే చేసియిచ్చిన గడియారమునకు కేశములను బంగారు దారముతో పెనవేసిన పట్టీ యుండెడిది. 1929లో జేగర్ లెకూల్త్ర్ వారు నిర్మించిన యంత్రము సుమారు ఒక్క గ్రాము మాత్రమే తూగును. అట్టి యంత్రము గల గడియారమునే ధరించి ఎలిజబెత్ రాణి 1953లో పట్టాభిషిక్తురాలయ్యెను. అయినను అంత చిన్న ముఖమున వేళ చూచుటకు కన్నులు శ్రమపడును. 1917లో కార్టియర్ వారు రూపొందించిన టాంక్ గడియారము వంటిది, దీర్ఘచతురస్రపు ముఖము, నల్లని రోమను అంకెలు, నీలి ఉక్కు ముండ్లు, కీ ఇచ్చు బొడిపెపై నీలపురాయి గలది, నాకు హృద్యముగా తోచును.

బంగారము 18 కారట్లదేనని చిన్నబుచ్చుకొనకుము. అందు వేయి పాళ్ళకు 750 పాళ్ళే మేలిమి, మన 22 కారట్ల నగలయందు 916. కాని మెత్తని బంగారము నిత్యపు ఒరపిడికి ఓర్వదు, అందునను కొక్కెము త్వరగా అరిగిపోవును.

నా చిన్నతనమున మా నాయనమ్మ మురుగులు చేయించునపుడు కంసాలి మా అరుగుమీదనే కుంపటి పెట్టెడివాడు. తరుగు పోవునేమోయని ఆమె ఱెప్ప వాల్చక కూర్చుండగా, నేను ఊదుగొట్టము ముందట మంట నాలుకలు సాచుట చూచుచు బడి మఱచెడివాడను. చెక్కడము ముగిసి అందఱును మెచ్చుకొనుచున్న వేళ, ఆయన మాత్రము ఆ పొగడ్త చెవినిబెట్టక, మురుగు సీల తీయుచు, బిగించుచు, అది పట్టుకొనెడి చప్పుడు వినుచు చాలసేపు గడపెడివాడు. ఆ ఓర్పు నా మనస్సున నేటికిని నిలిచియున్నది.

అక్కడ చలి ముదిరినది గదా, ఉన్నిబట్టలు కప్పుకొనుచున్నావా తల్లీ? రాత్రులు వేడి అన్నము తినుచున్నావో లేదో అడుగుమని మీ అమ్మ మఱిమఱి చెప్పినది.

ఇక కొక్కెము సంగతి. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో కార్టియర్ వారు ప్రచారమునకు దెచ్చిన మడత కొక్కెము తెఱచుకొన్నను పట్టీ రెండుగా విడిపోదు, వలయము వెడల్పగునంతే. గడియారము చేతికి వ్రేలాడుచుండగా పట్టుకొనుటకు నీకు క్షణము దొరకును. అది లేనిచో పట్టీకి సన్నని రక్షణగొలుసైనను ఉండవలెను. అంగడివాడు విసుగుకొన్నను సరే, గడియారము చేతికి పెట్టుకొని కొక్కెమును పలుమారులు తెఱచి మూయుము, చేయి క్రిందికి విదిలించి చూడుము, పట్టు సడలినచో అక్కడనే విప్పి యిచ్చివేయుము. వజ్రములు నీ యిష్టము, అల్లిక నీ యిష్టము. కొక్కెము ఎట్టిదో, గొలుసు కలదో లేదో, డబ్బు చెల్లించుటకు మున్నే నాకు వ్రాయుము.

నీ క్షేమము కోరు,
పెదనాన్న