ఉద్యోగం చేస్తూ సైన్యమా? సైన్యమే ఉద్యోగమా?

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ పూర్తిచేశాను. వయసు 24. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సైన్యంలో చేరాలని ఉంది. టెరిటోరియల్ ఆర్మీ మేలా, పూర్తికాలపు కొలువా?

జవాబు: ముందు వయోపరిమితి చూసుకోండి. టెరిటోరియల్ ఆర్మీ అధికారి పదవికి 42 ఏళ్ల వరకు అవకాశం ఉంటుంది. పూర్తికాలపు కొలువైన షార్ట్ సర్వీస్ టెక్నికల్ ప్రవేశానికి 27 ఏళ్లే గడువు. టెరిటోరియల్‌లో ఏటా సుమారు రెండు నెలల శిక్షణ. బతుకుతెరువు మాత్రం మీ ఉద్యోగమే. దేశానికి అవసరమైతే ఎక్కువ కాలం పిలుస్తారు, ఇంట్లోవాళ్లూ అందుకు సిద్ధపడాలి. షార్ట్ సర్వీస్ పదేళ్లు, మరో నాలుగేళ్లు పొడిగించుకోవచ్చు. యూనిఫామే జీవితమనుకుంటే ఆలస్యం చేయకుండా ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు తయారవండి. ఎంపిక కాకపోయినా టెరిటోరియల్ అవకాశం చేజారదు. ముందు గడువు తక్కువున్న దారినే ప్రయత్నించండి.