పిల్లల మెదడు రక్తనాళములు: మొయమొయ వ్యాధి

పక్షవాతము పెద్దవయసువారి జబ్బనియే మనలో పలువురు తలంతురు. ఐదేండ్ల పిల్లవాడు వెక్కివెక్కి యేడ్చి, ఆ వెనుక కుడిచేతిలోని గ్లాసును పట్టలేక జారవిడిచినచో, ఇంటివారు అలసటయనియో మారామనియో యనుకొందురు. కొందరు దిష్టి తీయుదురు. పది నిమిషములలో చేయి మరల స్వాధీనమునకు వచ్చును. దానితో ఆ సంగతియే మరచిపోవుదురు. ఆ పది నిమిషములను మరువగూడదని చెప్పుటకే ఈ పాఠము.

మెడకు ఇరువైపులనుండి రెండు పెద్ద ధమనులు మెదడునకు రక్తమును కొనిపోవుచున్నవి. కొందరు పిల్లలయందు ఈ ధమనులు పుర్రెలోనికి పోయి చీలు చోట క్రమక్రమముగా సన్నబడి, తుదకు మూసికొనిపోవును. అంతట మెదడు అడుగుభాగమున వెండ్రుకలవంటి నాళములు గుంపుగా పెరిగి, మూసికొనిన దారికి బదులు ప్రక్కదారులగును. రక్తనాళములలోనికి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసినపుడు ఈ గుంపు పొగమబ్బువలె కనబడును. జపాను దేశమున 1957లో ఈ వ్యాధి తొలుత వర్ణింపబడినది. 1969లో సుజుకి, తకాకు అను వైద్యులు, పొగ కమ్మినట్లుండుటను తెలుపు జపాను మాటతో దీనిని మొయమొయ యనిరి. తెలుగున ధూమనాళ వ్యాధి యని యొక పేరు కల్పింపవచ్చును. కాని ఆస్పత్రి చీటిపై తల్లిదండ్రులకు కనబడునది మొయమొయ యను మాటయే గనుక దానినే యుంచితిమి.

ఇది అరుదైన వ్యాధి. ఐనను కొన్ని జన్యుస్థితులతో పుట్టిన పిల్లలకు దీని భయము ఇతరులకంటె హెచ్చు. 21వ క్రోమోజోము రెండింటికి బదులు మూడుగా నుండు డౌన్ సిండ్రోము అట్టిది. చర్మముపై కాఫీరంగు మచ్చలు ఆరో అంతకు మించియో కనబడు న్యూరోఫైబ్రోమటోసిస్ మరియొకటి. మూడవది సికిల్ సెల్ రక్తహీనత. ఈ పిల్లలలో అధికసంఖ్యాకులకు మొయమొయ రాదు. కావున బెదరవలసిన పనిలేదు, కనిపెట్టి యుండవలెను. డౌన్ సిండ్రోముగల బిడ్డ తలనొప్పిని మాటలలో చెప్పలేకపోవచ్చును. ఎప్పుడును కుడిచేత తినువాడు ఎడమచేత తినసాగినచో, దానిని ముందుగా గుర్తింపగలది తల్లియే.

సికిల్ సెల్ మన ఏజెన్సీ ప్రాంతములకు క్రొత్తది కాదు. దీని నిర్మూలనకై కేంద్ర ప్రభుత్వము 2023 జులై 1న జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. ఈ జబ్బు తీవ్రరూపమున గల పిల్లలకు 2 ఏండ్లనుండి 16 ఏండ్లవరకు ఏటేట తలకు డాప్లర్ పరీక్ష చేయించుట మేలు. సూది గ్రుచ్చక, నొప్పి లేక, మెదడు నాళములలో రక్తము పారు వేగమును ఇది తెలుపును. వేగము మితిమీరిన పిల్లలకు క్రమముగా రక్తమెక్కించినచో తొలి పక్షవాతము చాలవరకు తప్పునని అమెరికాలో 1998లో ప్రకటింపబడిన పరిశోధన నిరూపించినది.

ఏడ్పునకును చేయి పడుటకును సంబంధమేమి? గట్టిగా ఏడ్చునపుడు ఊపిరి వేగమై, రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గును. అది తగ్గినచో మెదడు నాళములు ముడుచుకొనును. ఆరోగ్యవంతునకు దీనివలన హాని లేదు. దారులు ముందే సన్నబడిన బిడ్డకు మాత్రము ఆ కొద్దిపాటి లోటే చాలును. వేడిపాలు ఊది త్రాగునపుడును, పిల్లనగ్రోవి వాయించునపుడును, రబ్బరు బుడగ ఊదునపుడును ఇట్లే జరుగవచ్చును. చేయి, కాలు, నోటిమాట, ఏది పట్టుదప్పినను, అది వెంటనే సరియైనను, ఎప్పుడు మొదలై ఎంతసేపుండెనో వ్రాసికొని ఆనాడే ఆస్పత్రికి పోవలెను. ఎమ్మారై పరీక్షలో రోగము బయటపడును.

మూసికొనిన ధమనిని తెరచు మందు నేటికిని లేదు. రక్తము గడ్డకట్టకుండ వైద్యులు ఆస్పిరిన్ ఇత్తురు; దానిని మనంతట మనము మొదలిడరాదు, మానరాదు. మేలైన చికిత్స శస్త్రక్రియయే. నెత్తి చర్మము క్రిందనుండు ధమనిని మెదడు ధమనికి నేరుగా కలుపుట యొక పద్ధతి. దానిని మెదడు ఉపరితలముపై పరచుట మరియొకటి. రెండవదానిలో క్రొత్తనాళములు పుట్టి రక్తము చాలినంత చేరుటకు కొన్ని నెలలు పట్టును.

అంతవరకును బిడ్డ ఒంట నీరు తగ్గనీయరాదు. విరేచనములు, వాంతులు, ఎండదెబ్బ ఇట్టివారికి అపాయకరములు. పంటివైద్యమునకైనను మత్తు ఇయ్యవలసివచ్చినచో, మత్తు ఇచ్చు వైద్యునికి మొయమొయ సంగతి ముందే చెప్పి, పాత చీటీలను చూపవలెను.