క్వార్టర్ లెక్క అడగడం నేర్చుకో

మాంబలం, చెన్నై

చిరంజీవి అమ్మడికి,

మందుల షాపులో శిక్షణకు చేరావని అన్నయ్య చెప్పాడు. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు తాగొచ్చా అని అడిగితే ఏం చెప్పాలన్నావట. వద్దనే చెప్పు. కానీ అక్కడితో ఆగకు.

వార్ఫరిన్, ఎసిట్రామ్ లాంటివి విటమిన్-కె పనికి అడ్డుపడి రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. వాటిని కరిగించేదీ, మద్యాన్ని కరిగించేదీ ఆ ఒక్క కాలేయమే. ఒకేసారి ఎక్కువ తాగితే మందు ఒంట్లో నిలిచి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకె) పెరుగుతుంది, రక్తస్రావం భయం. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడికి మందు త్వరగా ఖర్చయి ఐఎన్ఆర్ పడిపోవచ్చు, అప్పుడు గడ్డల భయం. కాలేయమే చెడితే మళ్లీ పెరుగుతుంది. ఇదే పనికి వాడే మరో రకం మందులు రివరోక్సాబాన్, ఎపిక్సాబాన్‌లకు ఐఎన్ఆర్ పరీక్ష లేకపోయినా రక్తస్రావం ముప్పు మాత్రం ఉంటుంది.

“తాగుతారా?” అని అడిగితే, పక్కన భార్య ఉండగా ఎవరైనా “అబ్బే, అప్పుడప్పుడూ” అంటారు. అందుకే కాస్త పక్కకు పిలిచి, “ఆదివారం క్వార్టరా, హాఫా? పెళ్లిళ్లకెంత?” అని మామూలుగా అడుగు. ఇక్కడి సర్కారు మద్యం షాపు టాస్మాక్‌లో క్వార్టర్ అంటే 180 మి.లీ. 42.8 శాతం విస్కీ అయితే అందులో ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో డ్రింకు 10 గ్రాములు కాబట్టి, “ఒక్క క్వార్టరేనండీ” అంటే ఆరు డ్రింకులన్నమాట. ఆ లెక్క డాక్టరుకు చేరాలి.

ఈ మందులూ తాగుడూ రెండింటితో ముడిపడిన ఒక ఇంటి సంగతి చెబుతా. టీటీకే వ్యాపార కుటుంబం పేరు నీకు తెలిసిందే. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ రూపొందించి, 1990లో తొలిసారి రోగికి అమర్చిన కృత్రిమ గుండె కవాటం తయారీని చేపట్టింది వాళ్లే. అది పెట్టించుకున్నవాళ్లు జీవితాంతం వార్ఫరిన్ లాంటి మందులు వాడాలి. ఆ ఇంటి కోడలే శాంతి రంగనాథన్. తాగుడుకు భర్తను పోగొట్టుకుని, 1980లో ఫౌండేషన్ పెట్టి, అడయారులో తాగుడు మాన్పించే ఆసుపత్రి నడిపారు. తాగుడును తప్పుగా కాక జబ్బుగా చూసి వైద్యం చేయించిన మనిషి. నువ్వూ అలాగే చూడు.

రోజూ తాగేవాణ్ని “రేపే మానేయండి” అనకు. ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు, ఐఎన్ఆరూ మారొచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మానాలి. తాగినందుకని ఆ పూట మాత్ర ఎగ్గొట్టొద్దని, మర్నాడు రెండు వేసుకోవద్దని చెప్పు.

మలం నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పొమ్మను. ఈ మాట ఇంట్లోవాళ్లకీ చెప్పు, ఆ వేళకు పరుగెత్తాల్సింది వాళ్లే.

ఇట్లు,
బాబాయి