కుంచం కొలత – రాడార్ చూపు

కొలత లేనిదే శాస్త్రం లేదు. మెట్రిక్ కొలమానాలు రాకముందు మన పల్లెల్లో ధాన్యాన్ని కుంచాలతో కొలిచేవారు. రెండు గిద్దలు ఒక అరసోల, రెండు అరసోలలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అనగా కుంచానికి 64 గిద్దలు. కుంచానికి తక్కువైన రాశిని పెద్ద పాత్రతో మొదలుపెట్టి, ఒక్కొక్క పాత్ర 'నిండిందా, లేదా' అని చూస్తూ పోతే ఆరు సమాధానాలతో లెక్క తేలుతుంది. నేటి ఎలక్ట్రానిక్ శాస్త్రం ఇటువంటి ఒక్కొక్క సమాధానాన్నే 'బిట్టు' అంటుంది.

వాహనాలలో అమర్చే రాడార్‌కు ఈ కొలతయే ప్రాణం. అది 76 నుండి 81 గిగాహెర్ట్జుల పౌనఃపున్యం గల తరంగాలను పంపి, ఎదుటి వస్తువును తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనిని గ్రహిస్తుంది. 30 మీటర్ల దూరంలోని వస్తువు నుండి ఆ ప్రతిధ్వని సెకనులో 50 లక్షల వంతు కాలంలోనే వచ్చి చేరుతుంది. కొత్తగూడ వంటి అటవీ మండలంలో, మంచు కమ్మిన వేకువవేళ దారికి అడ్డంగా ఎద్దు నిలిచినదనుకొందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు సుమారు 17 మీటర్లు సాగిపోతుంది. కంటికి కనిపించని ఆ ఎద్దును రాడార్ సకాలంలో పసిగట్టడం ప్రాణాలకు సంబంధించిన విషయం.

ప్రతిధ్వని ఎడతెగని తరంగం. కంప్యూటరుకు తెలిసినవి అంకెలు మాత్రమే. తరంగాన్ని అంకెలుగా మార్చే సాధనమే 'అనలాగ్–డిజిటల్ పరివర్తకం'. అన్ని స్థాయిలనూ ఒకేసారి పోల్చిచూసే పరివర్తకంలో ఎనిమిది బిట్లకు 255 పోలిక సాధనాలు కావాలి. ఒక బిట్టుకు ఒక్కటి చాలు. గ్రాహకాలు పెరిగేకొద్దీ ఈ వ్యత్యాసం ఖర్చుగా, విద్యుత్తుగా, వేడిగా పరిణమిస్తుంది. కాబట్టే శాస్త్రజ్ఞులు తక్కువ బిట్ల మార్గాన్ని అన్వేషిస్తున్నారు.

ఒక బిట్టు 'ఔను, కాదు' అని మాత్రమే చెప్పగలదు. సంకేతం విలువ 0.3 అయినా, 0.9 అయినా దాని జవాబు 'ఔను' అనియే. దీనికొక చక్కని ఉపాయం ఉన్నది. పోలిక హద్దును –1 నుండి +1 వరకు సమంగా మారుస్తూ నూరుసార్లు ప్రశ్నిస్తే, 0.3కు సుమారు 65 మారులు, 0.9కు సుమారు 95 మారులు 'ఔను' అని వస్తుంది. పోయిందనుకొన్న విలువ లెక్కలో తిరిగి దొరుకుతుంది. అతి బలహీనమైన సంకేతాలలో ఒక బిట్టు వలన సంకేతానికి, రొదకు గల శక్తి నిష్పత్తి సుమారు 64 శాతానికి తగ్గుతుందే కాని నశించదు. 1963లో అంతరిక్షంలో హైడ్రాక్సిల్ అణువు జాడను రేడియో తరంగాల ద్వారా కనుగొన్నది ఒక బిట్టు పద్ధతితోనే.

అయితే ఖగోళ శాస్త్రజ్ఞునికి గంటల వ్యవధి ఉంటుంది, వాహనచోదకునికి క్షణాలే. పైగా లారీ నుండి వచ్చే బలమైన ప్రతిధ్వని చాటున పాదచారి నుండి వచ్చే సన్నని ప్రతిధ్వని మరుగున పడవచ్చు. లేని వస్తువు ఉన్నట్లు భ్రమ కలుగవచ్చు. పొదుపు కోరి భద్రతను విడువరాదు. అందుచేత ఇటువంటి సాధనాలను రహదారి మీదికి తెచ్చేముందు కఠినంగా పరీక్షించాలి. చోదకరహిత వాహనాల పరీక్షకై సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదులో 2022లో 'తిహాన్' క్షేత్రం ప్రారంభమైంది.

ఎంత సూక్ష్మంగా కొలిచామన్నదే కాదు, ఎంత వివేకంతో కొలిచామన్నదీ ముఖ్యమే. గిద్దతో కొలిచినా, కుంచంతో కొలిచినా కొలిచేవాని శ్రద్ధయే లెక్కను నిలబెడుతుంది.

ప్రశ్నలు
1. కుంచం కొలతకు, బిట్టుకు గల పోలికను వివరించండి.
2. ఒక బిట్టు పద్ధతిలోని లాభనష్టాలను చర్చించండి.