గుత్తాధిపత్యం - పోటీ న్యాయం

వ్యాపారంలో అగ్రస్థానం పొందడం నేరం కాదు. ఆ స్థానబలంతో ఇతరుల దారి మూయడమే నేరం. ఈ భేదాన్ని మైక్రోసాఫ్ట్ వ్యాజ్యం విశదం చేస్తుంది.

1990ల నాటికి అత్యధిక వ్యక్తిగత కంప్యూటర్లు ఆ సంస్థవారి విండోస్‌పైనే నడిచేవి. నెట్‌స్కేప్ బ్రౌజర్ వ్యాపిస్తే విండోస్ అవసరమే తగ్గవచ్చునన్న భయంతో, మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌తో జోడించి ఉచితంగా ఇచ్చింది. దానిని తొలగించరాదని కంప్యూటర్ తయారీదారులకు షరతు విధించింది.

1998లో అమెరికా ప్రభుత్వం దావా వేసింది. 2000లో జిల్లా న్యాయస్థానం సంస్థను రెండుగా విభజించమన్నది. 2001లో అప్పీలు న్యాయస్థానం విభజనను రద్దుచేసినా, గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలుపుకొన్నదన్న తీర్పును సమర్థించింది.

ఉచితం వినియోగదారునికి లాభమే కదా అని విద్యార్థులు అడుగవచ్చు. ఎంచుకొనే అవకాశం నశిస్తే ఆ లాభం నిలువదు. చట్టం కాపాడవలసింది పోటీదారుని కాదు, పోటీని.