తెల్లారకముందే పరదాలెక్కే బెంగాల్ పిల్లి

ప్రశ్న: మాది సిద్దిపేట. ఫ్లాట్‌లో ఏడాది వయసున్న బెంగాల్ మగపిల్లిని పెంచుతున్నాం. తెల్లారకముందే పరదాలెక్కి, గిన్నెలు పడేస్తోంది. ఏం చేయాలి?

జవాబు: అది మొండితనం కాదండీ, జాతి లక్షణం. మన దేశపు అడవుల్లోనూ తిరిగే చిరుతపిల్లిని పెంపుడు పిల్లితో కలిపి అమెరికాలో రూపొందించిన జాతి ఇది. వేకువన, మునిమాపున వేటాడాలనిపిస్తుంది. దయచేసి కొట్టకండి, భయం తప్ప ఏమీ నేర్చుకోదు. మీరు పడుకునే ముందు పావుగంట, తాడుకు ఈక కట్టి ఉరికించండి. చివరికి దాన్ని పంజాతో పట్టుకోనివ్వాలి. వెంటనే తిండి పెట్టండి, కడుపు నిండితే పడుకుంటుంది. తాడు మాత్రం దాచేయండి, మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది. ఎక్కడానికి గోడకు గట్టి చెక్క అరలు బిగించండి. బాల్కనీకి వల తప్పనిసరి.

మూత్రానికి ముక్కుతున్నా చుక్క రాకపోయినా, ఎండకు నోరు తెరిచి రొప్పుతున్నా, ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.